చెప్పిన మాట వినే ఇల్లు



ఇంట్లోని దీపాలు, నీళ్ళ మోటార్లు, గీజర్లు మనం స్విచ్చి నొక్కకుండానే వేళకు పనిచేయడం, వేళకు ఆగడం, అందుకు చేసుకోవలసిన ఏర్పాట్లు, ఇదీ ఈనాటి మన ప్రసంగాంశం. వీటిని బజారులో 'స్మార్ట్' వస్తువులంటున్నారు. ఒకప్పుడు పెద్ద నగరాల్లో కలవారి ఇళ్ళలోనే కనిపించిన ఈ సరంజామా ఇప్పుడు హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, రాయగడలో ఉన్నా, యానాంలో ఉన్నా ఫోనులో ఆర్డరిస్తే ఇంటికే వస్తోంది. పండక్కి వచ్చిన అబ్బాయో, అల్లుడో రెండు మూడు కొని తెచ్చి, గోడకు బిగించి, ఫోనులో ఏవేవో నొక్కి, సెలవు అయిపోగానే బెంగుళూరుకో పుణేకో వెళ్ళిపోతాడు. ఆ తరవాత వాటితో నెట్టుకురావలసింది ఇంట్లో ఉండేవాళ్ళే.

పేరుకు తెలివైన వస్తువులంటున్నా, ఇవి చేసేదల్లా చెప్పిన మాట వినడమే. చెప్పింది చెప్పినట్టు చేస్తాయి. చెప్పనిదాన్ని ఊహించుకొని చేయవు. చెప్పడంలో పొరపాటు ఉంటే ఆ పొరపాటును కూడా రోజూ ఠంచనుగా చేస్తాయి. అందుచేత వస్తువు కొనడం కన్నా దానికి మాట ఎలా చెప్పాలో తెలుసుకోవడం ముఖ్యం. ఈ సంగతిని కొన్ని ఉదాహరణలతో చూద్దాం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో వారెన్ జాన్సన్ అనే ఉపాధ్యాయుడు 1883లో ఒక విద్యుత్ పరికరానికి పేటెంటు పొందాడు. తరగతి గదిలో చలి ఎక్కువైతే కింద కొలిమి దగ్గరున్న మనిషికి గంట మోగేది. అతడు వెళ్ళి మంట ఎగదోసేవాడు. యంత్రం కబురు చెప్పేది, మనిషి పని చేసేవాడు. ఆ తరవాత 1975లో స్కాట్లండులోని పికో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ ఎక్స్-10 అనే పద్ధతిని తయారుచేసింది. ఇంట్లోని కరెంటు తీగల మీదుగానే సంకేతాలు పంపి, ఒక గదిలో కూర్చొని ఇంకొక గదిలోని దీపాన్ని ఆర్పడం దానితో సాధ్యమైంది. ఇప్పుడు ఆ సంకేతాలు తీగలతో పనిలేకుండా గాలిలోనే వెళుతున్నాయి. కొన్ని వస్తువులు వైఫై ద్వారా మాట్లాడుకుంటాయి. కొన్ని జిగ్‌బీ అనే తక్కువ కరెంటు పద్ధతిలో మాట్లాడుకుంటాయి. వేరు వేరు కంపెనీల వస్తువులు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోవడానికి మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం 2022లో వచ్చింది.

ఇక సెన్సారు అంటే ఏమిటో చెప్పుకుందాం. సినిమాలకు కత్తెర వేసే సెన్సారు కాదిది. వెలుతురును, వేడిని, కదలికను, నీటిమట్టాన్ని కనిపెట్టి కబురు చేసే చిన్న పరికరం. మన కన్ను, చెవి, చర్మం మనకు చేసే పనిని ఇది ఇంటికి చేస్తుంది. కాకపోతే ఒక్కొక్క సెన్సారుకు ఒకటే విద్య తెలుసు. తలుపుకు పెట్టే సెన్సారునే తీసుకోండి. అందులో రెండు ముక్కలుంటాయి. ఒకదానిలో చిన్న అయస్కాంతం. రెండవదానిలో అయస్కాంతం దగ్గరకు వస్తే ఒకదానికొకటి అతుక్కునే సన్నని లోహపు రేకులు. తలుపు మూస్తే రేకులు కలుస్తాయి, తెరిస్తే విడిపోతాయి. అంతే దానికి తెలిసింది. తలుపు తెరిచింది ఇంటివారా, దొంగా, గాలివానా అనేది దానికి తెలియదు. అది తేల్చవలసింది మనం ఇచ్చే ఆజ్ఞ.

ఆ ఆజ్ఞ ఎలా ఉండాలి? దానికి నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఎప్పుడు మొదలుపెట్టాలి? ఏ షరతు మీద? ఏ పని చేయాలి? ఎప్పుడు ఆపాలి? ఫోనులో మొదటి మూడూ 'ట్రిగ్గర్', 'కండిషన్', 'యాక్షన్' అనే ఇంగ్లీషు పేర్లతో కనిపిస్తాయి. నాలుగవదాన్ని చాలామంది మరచిపోతారు. నష్టం వచ్చేది సాధారణంగా అక్కడే. అందుకని ఫోను తీసేముందు ఒక కాగితం తీసుకొని, ఆజ్ఞను ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఒక్క వాక్యంగా రాసుకోండి. రాయడానికి రాని ఆజ్ఞను ఫోనులో పెట్టడమూ సాధ్యం కాదు.

మొదటి ఉదాహరణగా వాకిటి దీపాన్ని తీసుకుందాం. సాయంత్రం 6 గంటలకు వెలగాలి, ఉదయం 6 గంటలకు ఆరాలి అని పెట్టారనుకోండి. వినడానికి బాగానే ఉంది. కాని సూర్యుడు గడియారం చూసుకొని అస్తమించడు. బళ్ళారిలో డిసెంబరు నెలాఖరున 6 గంటలకు కాస్త అటూ ఇటూగా పొద్దు గుంకితే, జూన్ నెలాఖరున 7 గంటలు కావస్తుంది. గడియారాన్ని నమ్ముకున్న దీపం వేసవిలో ఎండ ఉండగానే వెలుగుతుంది. ఊరు మారినా వేళ మారుతుంది. తూర్పు నుంచి పడమరకు రేఖాంశం ఒక డిగ్రీ జరిగితే సూర్యాస్తమయం 4 నిమిషాలు ఆలస్యమవుతుంది. మన దేశపు కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా, అంటే యానాం పక్కగా పోతుంది. ఒడిశాలోని బరంపురం దానికి తూర్పున ఉంది. మన పద్మశాలీలు తరతరాలుగా మగ్గాలు నడిపిన షోలాపూర్ బాగా పడమరన ఉంది. ఈ రెండు ఊళ్ళకూ సూర్యాస్తమయంలో సుమారు 35 నిమిషాల తేడా ఉంటుంది. గడియారంలో వేళ మాత్రం రెండుచోట్లా ఒకటే.

కాబట్టి వేళ పెట్టేచోట అంకె వేయకుండా 'సన్‌సెట్', 'సన్‌రైజ్' అనే మాటలు ఎంచుకోండి. ఆ వెసులుబాటు చాలా యాప్‌లలో ఉంటుంది. దానితోపాటు యాప్‌లో మీ ఇల్లు ఎక్కడ ఉన్నదో సరిగ్గా గుర్తు పెట్టాలి. ఇంకొక సంగతి, యాప్‌లో కాలమండలం భారతదేశానిదిగా ఉన్నదో లేదో చూడండి. మనకూ గ్రీన్‌విచ్ కాలానికీ ఐదున్నర గంటల తేడా. పరికరం గ్రీన్‌విచ్ కాలంలో ఉండిపోతే, మీరు సాయంత్రం 6 గంటలకు పెట్టిన దీపం రాత్రి పదకొండున్నరకు వెలుగుతుంది. దీపం వేళకాని వేళ వెలుగుతుంటే సామాను చెడిపోయిందనుకోకుండా ముందు ఇది చూసుకోవాలి.

రెండవది కదలిక సెన్సారు. మెట్ల దగ్గర, స్నానాలగదిలో, పెరట్లో దీన్ని పెడుతుంటారు. మనుషుల ఒంటి నుంచి కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వేడి వెలువడుతూ ఉంటుంది. చుట్టూ ఉన్న వేడికీ ఒంటి వేడికీ ఉండే తేడా ఒకచోటు నుంచి ఇంకొకచోటుకు జరిగినప్పుడు ఈ సెన్సారు పసిగడుతుంది. దీన్నిబట్టి మూడు విషయాలు అర్థమవుతాయి. మొదటిది, కదలకుండా కూర్చున్న మనిషి దీనికి కనిపించడు. రెండవది, అద్దం వెనకనున్న మనిషి కనిపించడు, ఎందుకంటే మామూలు అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. మూడవది మన ప్రాంతాలవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది. బళ్ళారి, రాయచూరు వైపు మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గది గోడలు ఒంటి పైచర్మం అంత వేడెక్కినప్పుడు తేడా అనేదే ఉండదు. చలికాలంలో చక్కగా పనిచేసిన సెన్సారు ఎండాకాలం మధ్యాహ్నం మనిషిని గుర్తించక తడబడుతుంది. అది దాని స్వభావం.

దీన్ని తలుపుకు ఎదురుగా బిగించేకన్నా, మనిషి దాని ముందు నుంచి అడ్డంగా నడిచిపోయేటట్టు పక్కగోడకు ఆరేడు అడుగుల ఎత్తున బిగిస్తే బాగా గుర్తిస్తుంది. ఎండ నేరుగా పడేచోట, పొయ్యికి ఎదురుగా, ఏసీ గాలి తగిలేచోట పెట్టకూడదు. ఈమధ్య రాడార్ తరహా సెన్సార్లు వస్తున్నాయి. ఊపిరి తీసేటప్పుడు ఛాతీ కదిలినా అవి గుర్తిస్తాయి. కాని తిరిగే ఫ్యానును, ఊగే తెరను చూసి కూడా మనిషి ఉన్నాడని భ్రమపడవచ్చు.

ఇప్పుడు నాలుగవ ప్రశ్నకు వద్దాం. స్నానాలగది దీపం ఎప్పుడు ఆగాలి? 'కదలిక లేకపోతే ఒక నిమిషానికి ఆర్పు' అని పెట్టారనుకోండి. పడుచువాళ్ళకు చీకట్లో చెయ్యి ఊపితే సరిపోతుంది. మోకాళ్ళ నొప్పులతో మెల్లగా లేచే అమ్మమ్మకు, తడి నేల మీద చీకటి ఎంత ప్రమాదమో ఆలోచించండి. అక్కడ ఒక నిమిషం చాలదు, 15 నిమిషాలు పెట్టండి. ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం పది నిమిషాలు ఎక్కువ వెలిగినందువల్ల కరెంటు బిల్లులో తేడా కూడా తెలియదు. సెన్సారును పొదుపు కోసం పెడుతున్నామా, క్షేమం కోసం పెడుతున్నామా అనేది ముందే నిర్ణయించుకుంటే ఈ అంకెలు వాటంతటవే తేలిపోతాయి.

మూడవది మిద్దె మీది నీళ్ళ ట్యాంకు. మన ఊళ్ళలో చాలాచోట్ల కొళాయి నీళ్ళు రోజూ రావు. వచ్చినప్పుడు సంపులో పట్టుకొని, అక్కడినుంచి మోటారుతో పైకి ఎక్కించుకుంటాం. 'పై ట్యాంకు నిండుగా లేకపోతే మోటారు వెయ్యి' అని ఆజ్ఞ ఇస్తే ఏమవుతుంది? ఒక్క చెంబు నీళ్ళు వాడగానే మోటారు మొదలవుతుంది, రెండు క్షణాలకు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. మాటిమాటికీ అలా జరిగితే మోటారు ఎక్కువకాలం నిలవదు. అందుకని రెండు గీతలుండాలి. ట్యాంకు పావువంతుకు దిగినప్పుడు మొదలుపెట్టు, నిండినప్పుడు ఆపు అని చెప్పాలి. మధ్యలో ఎక్కడ ఉన్నా కదిలించకూడదు. వేడినిబట్టి తిరిగే ఫ్యానుకూ ఇదే సూత్రం. 30 డిగ్రీలకు వేసి, 28కి ఆపమంటే కుదురుగా నడుస్తుంది. రెండూ 30కే పెడితే ఫ్యాను ఒక్కచోట నిలవదు.

ఇప్పుడు షరతు సంగతి. కింద సంపులో నీళ్ళు ఉంటేనే మోటారు నడవాలి. నీళ్ళు లేకుండా మోటారు తిరిగితే వేడెక్కి సీళ్ళు పాడవుతాయి. కాబట్టి సంపులో కూడా ఒక సెన్సారు ఉండాలి. ఆగడానికి మాత్రం ఒక కారణం చాలదు, మూడు కావాలి. పై ట్యాంకు నిండినా ఆగాలి. సంపు ఖాళీ అయినా ఆగాలి. ఈ రెండు కబుర్లూ రాకపోయినా ఇన్ని నిమిషాల తరవాత ఆగాలి. మూడవది ఎందుకని అడగవచ్చు. ట్యాంకులో తేలే బుడ్డికి పాచి పట్టి ఒకచోట ఇరుక్కుపోతుంది. అప్పుడు ట్యాంకు నిండి పొర్లుతున్నా అది ఇంకా ఖాళీగానే ఉందని కబురు చెబుతుంది. మీ ట్యాంకు పావు నుంచి పూర్తిగా నిండడానికి ఎంతసేపు పడుతుందో ఒకరోజు గడియారం పెట్టుకొని చూడండి. 20 నిమిషాలు పడితే, 25 నిమిషాలకు ఎట్టి పరిస్థితిలోనూ ఆగమని పెట్టండి. సెన్సారు అబద్ధం చెప్పినా నీళ్ళు వీధి పాలుకావు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మోటారును నేరుగా స్మార్ట్ ప్లగ్గుకు తగిలించకూడదు. మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు ప్లగ్గులోని సన్నని కాంటాక్టులు కాలి అతుక్కుపోవచ్చు. అతుక్కుపోతే ఆపమన్నా ఆగదు. మోటారు స్టార్టరు ద్వారానే నడవాలి. స్మార్ట్ పరికరం ఆ స్టార్టరుకు సంకేతం మాత్రమే ఇవ్వాలి. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించుకోవాలి. గీజరు విషయంలోనూ లెక్క చూసుకోవాలి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద 9 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. 3000 వాట్లదైతే 13 ఆంపియర్లు. 10 ఆంపియర్ల ప్లగ్గు దీనికి పనికిరాదు, 16 ఆంపియర్లదే వాడాలి. బకెట్లో ముంచి నీళ్ళు కాచుకునే హీటరు కడ్డీని మాత్రం ఏ ప్లగ్గుతోనూ వేళకు వెలిగే ఏర్పాటు చేయవద్దు. బకెట్లో నీళ్ళున్నాయో లేవో, పిల్లలు చెయ్యి పెట్టారో లేదో ఆ ప్లగ్గుకు తెలియదు.

మన ఊళ్ళలో కరెంటు పోవడం, రావడం మామూలే. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఈ ప్లగ్గు వెలిగి ఉండాలా, ఆరి ఉండాలా, పోకముందు ఉన్నట్టు ఉండాలా? చాలా యాప్‌లలో పరికరం కింద ఈ ప్రశ్న ఉంటుంది. దుకాణం నుంచి వచ్చినప్పుడు ఏదో ఒకటి పెట్టే ఉంటారు, మనం చూసుకోం. మోటారుకు, గీజరుకు, ఇస్త్రీపెట్టెకు తప్పనిసరిగా 'ఆరి ఉండాలి' అని పెట్టండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అర్ధరాత్రి కరెంటు వచ్చి, మరచిపోయిన ఇస్త్రీపెట్టె వేడెక్కకూడదు గదా! వాకిటి దీపానికైతే 'పోకముందు ఉన్నట్టు' అని పెట్టవచ్చు.

ఇంటర్నెట్ కూడా కరెంటులాంటిదే, ఉన్నంతసేపే ఉంటుంది. కొన్ని పరికరాలు వేళను తమలోనే గుర్తుంచుకుంటాయి. కొన్నిటికి ప్రతిసారీ ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరు నుంచి ఆజ్ఞ రావాలి. గీజరును ఐదున్నరకు వేసి, ఆరు గంటలకు ఆపే ఆజ్ఞ ఉందనుకోండి. వేసిన తరవాత నెట్ పోతే, ఆపే ఆజ్ఞ వస్తుందా? దీన్ని పరీక్షించడం సులువు. ఒకరోజు గీజరుకు బదులు ఒక టేబుల్ దీపం తగిలించి, వెలిగిన తరవాత రూటరు ఆపేయండి. వేళకు దీపం ఆరితే ఆ ప్లగ్గు నమ్మదగినది. ఆరకపోతే అలాంటి పనులకు వాడవద్దు. మరొక మాట. తక్కువ ధర ప్లగ్గులు, దీపాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి, 5 గిగాహెర్ట్జ్‌కు కలవవు. మందపాటి రాతిగోడల పాత మిద్దెల్లో సంకేతం వెనక గదిదాకా అందదు. రూటరును ఇంటి నడుమ, ఎత్తున పెట్టి, దానికి చిన్న బ్యాటరీ ఆసరా ఇస్తే సగం ఇబ్బందులు తీరుతాయి.

శ్రోతలారా, ఇంతవరకు ఎలా చేయాలో చెప్పుకున్నాం. ఏది చేయకూడదో కూడా చెప్పుకోవాలి. వంటగ్యాసు లీకైతే గుర్తించే సెన్సారు మంచిదే. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, నేలబారుగా పరుచుకుంటుంది. అందుచేత ఆ సెన్సారును నేల నుంచి సుమారు ఒక అడుగు ఎత్తులో పెట్టాలి. కాని, 'గ్యాసు వాసన రాగానే ఎగ్జాస్ట్ ఫ్యాను వెయ్యి' అనే ఆజ్ఞ ఎప్పుడూ పెట్టవద్దు. మంచి ఆలోచనలాగే కనిపిస్తుంది. కాని ఏ స్విచ్చి కలిసినా, విడినా లోపల చిన్న నిప్పురవ్వ పుట్టవచ్చు. గ్యాసు నిండిన గదిలో అదొక్కటి చాలు. అప్పుడు దీపం వేయకూడదు, ఆర్పకూడదు, ఫ్యాను ముట్టకూడదు. ఈ నియమం చేత్తో వేసే స్విచ్చికి ఎంతో, ఫోనుతో వేసే స్విచ్చికీ అంతే. సెన్సారు గట్టిగా కూత పెట్టడం వరకే చేయాలి. రెగ్యులేటరు కట్టేయడం, తలుపులు, కిటికీలు తెరవడం, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయడం మనిషి పని. 1883లో జాన్సన్ పెట్టిన గంట చేసింది కూడా ఇంతే. కొన్నిచోట్ల కబురు చెప్పడంతోనే యంత్రం ఆగిపోవాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వద్దాం. సరిహద్దు జిల్లాల్లోని మన ఇళ్ళలో పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు దూరం వెళ్ళిపోగా, పెద్దవాళ్ళు ఇద్దరే, ఒక్కొక్కచోట ఒక్కరే ఉండడం ఎక్కువైంది. అమ్మ ఎలా ఉందోనన్న బెంగతో కెమెరాలు పెట్టాలనుకుంటారు. తన ఇంట్లో తాను తిరుగుతుంటే ఎవరో చూస్తున్నారన్న భావన ఏ తల్లికైనా ఇబ్బందే. దాని అవసరం లేకుండా రెండు తలుపు సెన్సార్లతో క్షేమం తెలుసుకోవచ్చు. ఒకటి పెరటి తలుపుకు, ఒకటి ఫ్రిజ్జు తలుపుకు. పిల్లి తిరిగినా కదలిక సెన్సారు మోసపోతుందేమో కాని, ఫ్రిజ్జు తెరిచి పాలు తీయడం పిల్లి వల్ల కాదు.

సాధారణంగా అందరూ రాసే ఆజ్ఞ ఎలా ఉంటుందంటే, 'ఉదయం 8 గంటల లోపల తలుపు తెరుచుకోకపోతే నాకు కబురు పంపు' అని. ఇందులో పెద్ద లోపం ఉంది. సెన్సారులో బ్యాటరీ అయిపోయినా, నెట్ పోయినా, కరెంటు లేకపోయినా కబురు రాకపోవచ్చు. కొడుకు మాత్రం కబురు రాలేదు కాబట్టి అంతా బాగుందనుకుంటాడు. నిజంగా ఆపద వచ్చిన రోజున కూడా ఆ నిశ్శబ్దం అలాగే ఉంటుంది.

ఆ ఆజ్ఞను తిరగేసి రాయండి. 'ఉదయం 5 నుంచి 8 లోపల తలుపు తెరుచుకుంటే, అమ్మ లేచిందని నాకు కబురు పంపు.' ఇప్పుడు ప్రతిరోజూ మంచి కబురు వస్తుంది. రెండు మూడుసార్లు వచ్చినా నష్టం లేదు. ఎనిమిదింటికి కూడా రాలేదంటే ఏదో తేడా ఉన్నట్టే. బ్యాటరీయే అయిపోయిందో, నెట్టే పోయిందో, అమ్మకే నలతగా ఉందో తెలియదు. ఏదైనా సరే, వెంటనే ఫోను చేయాలి. ఫోను ఎత్తకపోతే తాళంచెవి ఉన్న పక్కింటివారికి చెప్పాలి. పరికరం చెడిపోయినా మనకు తెలిసిపోయే పద్ధతి ఇది. ఖర్చు అదే, సెన్సార్లు అవే, రాసిన వాక్యం ఒక్కటే మారింది.

దీనికి రెండు షరతులున్నాయి. మొదటిది, ఈ ఏర్పాటు సంగతి పెద్దవారికి ముందే చెప్పి, వారు ఒప్పుకున్నాకే పెట్టాలి. చెప్పకుండా పెడితే 'నా కొడుకు నామీద కాపలా పెట్టాడు' అని నొచ్చుకుంటారు. చెప్పి పెడితే, పొద్దున్నే పాలు తీసేటప్పుడు 'అబ్బాయికి కబురు వెళ్ళింది' అని వారికీ ఒక తృప్తి. రెండవది, పక్కింటివారితో మాట్లాడి ఉంచాలి. కబురు రాని రోజున తలుపు తట్టవలసింది వాళ్ళే. ఆ మనిషి లేకపోతే ఎన్ని సెన్సార్లున్నా లాభం లేదు.

కొనేటప్పుడు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. రివాల్వ్ అనే పరికరం కొన్నవారు 2016లో దాని కంపెనీ సేవలు ఆపేయడంతో చేతిలో పనికిరాని పెట్టెతో మిగిలిపోయారు. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే సంస్థ కంప్యూటర్లు ముందు చెప్పకుండానే ఆగిపోయాయి. ఆ ఇళ్ళలో ఫోనుతో నడిచే ఏర్పాట్లు పడకేశాయి. అందుకని కంపెనీ ఉన్నా లేకపోయినా ఇంటిలోపలే పనిచేసే పరికరాలను ఎంచుకోవడం మేలు. ఓపిక, ఆసక్తి ఉన్న యువకులు హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును చిన్న కంప్యూటరు మీద నడుపుకోవచ్చు. 2013లో మొదలైన ఈ సాఫ్ట్‌వేరు ఆజ్ఞలన్నీ ఇంట్లోనే ఉంచుతుంది. ఇక పాస్‌వర్డు సంగతి. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చాలి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము అలా మార్చకుండా వదిలేసిన కెమెరాలను, రూటర్లను వేలాదిగా లోబరచుకొని, అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కొన్ని గంటలపాటు స్తంభింపజేసింది.

ఇంకొక చిక్కు మన ఇళ్ళకు ప్రత్యేకమైనది. పెద్దవారికి తెలుగు చదవడం వస్తుంది. పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో నేర్చుకుంటారు. ఫోనులోని యాప్ ఇంగ్లీషులో ఉంటుంది. అబ్బాయి దీపాలకు 'లైట్ వన్', 'లైట్ టూ' అని పేర్లు పెట్టి వెళ్ళిపోతే, ఏది ఏదో తరవాత అతనికే గుర్తుండదు. ఇంట్లో పిలిచే పేర్లే పెట్టండి. వసారా దీపం, పెరటి మోటారు, దేవుడిగది దీపం. కాగితం మీద రాసుకున్న ఆజ్ఞలను స్విచ్చిబోర్డు పక్కన అంటించండి. మాట తెలుగే కానివ్వండి, లిపి మాత్రం ఇంట్లో రోజూ ఉండేవారు చదవగలిగేది ఏదైనా ఫరవాలేదు.

అన్నిటికీ మించి, గోడ మీది స్విచ్చి పని చేస్తూనే ఉండాలి. స్మార్ట్ బల్బు పెట్టిన ఇంట్లో బామ్మ అలవాటుగా గోడ స్విచ్చి ఆపేస్తే, ఆ బల్బు ఇక ఏ ఆజ్ఞనూ వినలేదు. తప్పు బామ్మది కాదు. స్విచ్చి ఆపితే దీపం ఆరాలన్నది ఆమె ఎరిగిన న్యాయం. అందుకని బల్బుకు బదులు స్విచ్చి వెనక బిగించే పరికరం మంచిది. చేత్తో నొక్కినా, ఫోనుతో చెప్పినా అది పనిచేస్తుంది. కొన్ని పాత ఇళ్ళలో స్విచ్చిబోర్డులోకి న్యూట్రల్ తీగ రాదు. చాలా పరికరాలకు అది అవసరం. కొనేముందు ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

నెలకొకసారి, అమావాస్యనాడో, ఒకటవ తారీఖునో, అన్నిటినీ ఒకసారి సరిచూడండి. బ్యాటరీలు చూడండి. తేలే బుడ్డికి పట్టిన పాచి తుడవండి. రూటరు ఆపి ఏది పనిచేస్తోందో, ఏది లేదో గమనించండి. ఒకేసారి ఇల్లంతా మార్చనక్కరలేదు. ఒక దీపంతో మొదలుపెట్టి, అది నెల్లాళ్ళు సవ్యంగా నడిచాక రెండవదానికి వెళ్ళండి.

ఎప్పుడు మొదలు, ఏ షరతు మీద, ఏ పని, ఎప్పుడు ఆగాలి. ఈ నాలుగు ప్రశ్నలకూ కాగితం మీద జవాబు రాయగలిగితే, ఫోనులో ఏ కంపెనీ యాప్ ఉన్నా మీకు ఇబ్బంది ఉండదు. వాటికి తోడు, అది పనిచేయని రోజున ఏం చేయాలో కూడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. అప్పుడే ఈ వస్తువులు మనం చెప్పినట్టు వింటాయి.